బండిని చరిచే చెయ్యి

గెడ్డపాలెం జంక్షనులో నాలుగు పెద్ద రైలు మార్గాలు కలుస్తాయని పటంలో చూసినవాళ్ళు అనుకుంటారు. నిజానికి అవి కలవవు. ఉత్తరం నుంచి బొగ్గు తెచ్చే లైను తన యార్డులో తాను ఆగిపోతుంది. దక్షిణం నుంచి సిమెంటు తెచ్చే లైనుకు దాని యార్డు దానిది. ఓడరేవు లైను ఇసక దిబ్బల అవతలే ఉండిపోతుంది. ఒకరి గుమ్మంలో దిగిన వ్యాగనును ఇంకొకరి గుమ్మంలోకి చేర్చేది, దారిలో జూట్ మిల్లుకో ఎరువుల గోదాముకో అప్పగించి వచ్చేది చుట్టులైను. మొత్తం పట్టాలు కలిపినా ముప్ఫై కిలోమీటర్లుండని చిన్న కంపెనీ. దాని రైలు ఎక్కిన ప్రయాణికుడంటూ ఎవరూ లేరు. అది ఒక్క పూట పని మానేస్తే మాత్రం నాలుగు దిక్కులా సరుకు రైళ్ళు బారులు తీరి నిలబడిపోతాయి.

సోమవారం ఉదయం ఏడు గంటలకు వకుళ మెట్ట మీద నిలబడి ఉంది. మెట్ట అంటే యార్డు మధ్యలో కట్టిన మట్టి గుట్ట. వచ్చిన రైలును వెనక నుంచి దాని మీదికి నెట్టి, పైన ఒక్కొక్క వ్యాగనునూ విడదీసి అవతలి వాలులోకి వదులుతారు. కింద పద్దెనిమిది పట్టాలు చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉంటాయి. ఏ వ్యాగను ఏ పట్టాలోకి పోవాలో కాగితం మీద రాసి ఉంటుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఎనభై టన్నుల ఇనుము ఒకసారి కదిలిందంటే ఆగనంటుంది, ఆగిందంటే కదలనంటుంది. ఆ మొండితనంతోనే మూడు తరాలుగా ఇక్కడి మనుషుల పోరాటం. వకుళ తండ్రి ఇరవై ఆరేళ్ళ కిందట రెండు వ్యాగన్ల మధ్య గొలుసు తగిలిస్తూ వెనక్కి రావడం ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. అప్పుడు వకుళకు పన్నెండేళ్ళు, ఆమె అన్న సింహాద్రికి పంతొమ్మిది.

ఇప్పుడు ఆ వాలులో పట్టాల మధ్య మూడు వందల మీటర్ల మేర బూడిదరంగు పలకలు పరచి ఉన్నాయి. వాటిలోకి కరెంటు వదిలితే పైన ఉన్న వ్యాగను బరువు పట్టాల మీద ఎప్పట్లాగే ఉంటుంది గానీ మొండితనం పోతుంది. స్టేషనులో సామాన్లు లాగే బ్యాటరీ బండి లాంటి చిన్న యంత్రం దాన్ని లాక్కుపోతుంది, ఆపమన్నచోట ఆపుతుంది, వ్యాగన్ల మధ్యలోకి మనిషి దూరక్కర్లేదు. పలకలు దాటగానే మొండితనం తిరిగి వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకాల్లో జడత్వం అని రాసే గుణాన్ని కాసేపు పక్కన పెట్టించడం ఎలాగో కనిపెట్టడానికి వకుళకు పదకొండేళ్ళు పట్టింది. యార్డువాళ్ళు దానికి పేరు పెట్టడానికి ఒక్క రోజు కూడా పట్టలేదు. తేలిక పలకలు అన్నారు, అదే స్థిరపడిపోయింది.

పలకలు వేసి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఎవరికీ వేలు కూడా నలగలేదు. ఇదివరకు ఒక వ్యాగను గెడ్డపాలెంలో సగటున పంతొమ్మిది గంటలు పడి ఉండేది. ఇప్పుడు ఆరు గంటల్లో బయటపడుతోంది. చుట్టులైనును తప్పించి ఊరి బయట నుంచి కొత్త దారి వేసుకుందామనుకున్న పెద్ద రైల్వేవాళ్ళు ఆ ఆలోచన పక్కన పెట్టి, శుక్రవారం తనిఖీకి వస్తున్నారు. అంతా బాగుంటే పదేళ్ళ ఒప్పందం. లేదంటే రెండు వందల పన్నెండు కుటుంబాలు వేరే బతుకు వెతుక్కోవాలి.

వకుళ చిట్టాలో సంతకం చేసింది. ప్రతి ఉదయం ఆమె సంతకం పడితేనే పలకల్లోకి కరెంటు వెళ్తుంది. కింద సింహాద్రి మొదటి వ్యాగను కొక్కెం తప్పించి, దాని ఇనుప గోడను అరచేత్తో చరిచి, "జూటు మిల్లు, ఎల్లు" అన్నాడు. వ్యాగను గుమ్మం తెరలా ఊగి కదిలింది. వకుళ కళ్ళు కొలిచే పరికరం మీద ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనానికి అన్నగారి క్వార్టరుకు వెళ్ళింది. కంపెనీ ఆమెకు అతిథి గృహంలో గది ఇచ్చింది, వంటమనిషిని కూడా ఇచ్చింది. అయినా వదిన పైడమ్మ ఒప్పుకోలేదు. ఊళ్ళో ఉండి వేరే చోట తింటే నలుగురూ తన వంట గురించి ఏమనుకుంటారని అడిగింది. ఆ రోజు నుంచి వకుళ అక్కడే తింటోంది.

తింటూ ఉండగా వకుళ కొన్ని చిన్న తేడాలు గమనించింది. అన్న ముందు గాజు గ్లాసు పెట్టే ఇంట్లో స్టీలు చెంబు ఉంది. ఆనపకాయ పులుసు గిన్నె అన్న చేతికి అందేంత దూరంలో లేదు. అన్నం వడ్డించుకోవడానికి అతను చెయ్యి చాపబోతే పైడమ్మ ఏదో మాట చెబుతూ తనే వడ్డించేసింది. ఒకసారి మాత్రం ఆమె వెనక్కి తిరిగినప్పుడు అతను మజ్జిగ గిన్నె ఎత్తాడు. ఖాళీ గిన్నెను ఎత్తినట్టు ఎత్తాడు. మజ్జిగ చాప మీదికీ గోడ మీదికీ చిందింది. సింహాద్రి గిన్నె వైపు చూశాడు, చెల్లెలి వైపు చూడలేదు. ఇవాళ సెగకి సేతులు సెమట పట్టేసినాయి అని లేచి వెళ్ళిపోయాడు.

పైడమ్మ చాప తుడిచింది. గోడ తుడిచింది. గుడ్డ పిండి ఆరేసి వచ్చి అప్పుడు కూర్చుంది.

"వకుళమ్మా, మీ అన్నియ్య సేతికి బరువు తెల్డం నేదు" అంది.

తర్వాత మెల్లగా అంతా చెప్పింది. మూడు నెలలుగా చూస్తోందట. మొదట గ్లాసులు పగిలాయి. పరధ్యానం అనుకుంది. తర్వాత ఒక రోజు నిండు గ్యాసు సిలిండరును ఖాళీదనుకుని ఒంటిచేత్తో లాగి నడుం పట్టించుకుని నాలుగు రోజులు మంచం మీద ఉన్నాడు. వేడి తెలుస్తుంది, ముల్లు గుచ్చుకుంటే తెలుస్తుంది. బరువొక్కటే తెలియదు. కళ్ళతో చూసి ఇది ఇంత ఉంటుందిలే అని అంచనా కట్టి ఎత్తుతున్నాడు, అంచనా తప్పినప్పుడల్లా ఏదో ఒకటి పగులుతోంది. కంపెనీ డాక్టరుకు చెబితే పనికి పనికిరాడని రాస్తాడనీ, తనిఖీ ముందు అలాంటి కాగితం పుడితే పలకల మీదికి వస్తుందనీ, అంటే చెల్లెలి మీదికి వస్తుందనీ అతని భయం. ఆమెతో ఒట్టు వేయించుకున్నాడు.

"మరి నాకెందుకు చెప్పావు వదినా?"

"ఒట్టు డాక్టరుకి సెప్పననే ఏసినాను" అంది పైడమ్మ. "నువ్వు ఆ డాక్టరువి కాదు గదా."

ఆ సాయంత్రం వకుళ తన లాబులో పాత కాగితాలన్నీ తిరగేసింది. నలభై మంది మీద రెండేళ్ళు పరీక్షలు జరిగాయి. పలకల పక్కన ఎనిమిదేసి గంటలు నిలబెట్టి రక్తం, చూపు, వినికిడి, నరాలు అన్నీ చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు. తనే పదకొండేళ్ళుగా పలకల మధ్య తిరుగుతోంది. ఒక చేతిలో పెన్ను, ఒక చేతిలో లావుపాటి సంపుటం పట్టుకుని చూసింది. తేడా స్పష్టంగా తెలిసింది. ఇద్దరు సహాయకులను పిలిచి వాళ్ళ చేతుల్లో పెట్టింది. వాళ్ళకూ తెలిసింది. కాలేజీలో తనతో చదువుకుని ఇప్పుడు నరాల వైద్యురాలిగా ఉన్న స్నేహితురాలికి ఫోను చేస్తే, నరం చెడితే వేడీ నొప్పీ కూడా పోతాయి, బరువొక్కటే ఏరుకుని పోదు అంది. ఇది చేతి జబ్బులా లేదు, చెయ్యి చెప్పే మాటను తల వినడం మానేసినట్టుంది అని కూడా అంది. ఆ మాట వకుళ కాగితం మీద రాసుకుంది గానీ దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు.

మంగళవారం ఆమె వ్యాగన్లు విడదీసి పంపే షంటింగువాళ్ళను ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగింది. ఒక్కరూ ఒప్పుకోలేదు. ఏటీ నేదమ్మా, బంగారంలాగున్నాం అన్నారు. గవర్రాజు అనే మనిషి అయితే చేతులు రెండూ చాపి చూపించాడు. అతని కళ్ళు మాత్రం చాపిన చేతుల మీద నిలవలేదు.

పైడమ్మకు సంగతి చెబితే, మగవాళ్ళను ఎవరు అడగమన్నారు అంది.

ఆమె ఒకే కొలత స్టీలు డబ్బాలు రెండు తీసుకుంది. ఒకదానిలో రాళ్ళ ఉప్పు, రెండోదానిలో తవుడు పోసింది. కదిపితే చప్పుడు రాకుండా రెంటినీ మూతకు తగిలేదాకా దట్టించింది. మూతల చుట్టూ గుడ్డ కట్టింది. బుధవారం పొద్దున్న ఇంటింటికీ పట్టుకెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడింది. వాళ్ళు చెయ్యాల్సింది ఒక్కటే. మొగుడు ఇంట్లో ఉన్నప్పుడు రెండు డబ్బాలూ గట్టు మీద పెట్టి, తమ చేతులు పిండిలో ఉన్నట్టు నటించి, ఆ రెంటిలో ఉప్పు డబ్బా ఏదో చూసి అందించమనాలి.

సాయంత్రానికి పాత క్యాలెండరు కాగితం వెనక పైడమ్మ చేతిరాతలో పట్టిక తయారైంది. పద్నాలుగు ఇళ్ళు. తొమ్మిది మంది రెండూ ఎత్తి చూసి తోచింది ఇచ్చారు. ఐదుగురు సరిగ్గా ఇచ్చారు. ఆ ఐదుగురూ కొక్కేల దగ్గర పనిచేసేవాళ్ళు కాదు, కరెంటు పనివాళ్ళు, గుమాస్తాలు. అంతవరకు వకుళ ఊహించిందే. కానీ పైడమ్మ ఇంకొక గడి కూడా గీసింది. ఏ చేత్తో అందుకున్నాడో అందులో రాయించింది. ఎందుకని అడిగితే, గిన్నె ఏ చేత్తో ఎత్తుతారో సూడకుండా ఎవులైనా ఎలాగుంటారు అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

నలుగురి భార్యలు తెలివైనవాళ్ళు, మొగుళ్ళ చేత రెండో చేత్తో కూడా ఎత్తించారు. వాళ్ళలో ముగ్గురికి కుడిచేతికి తెలియనిది ఎడమచేతికి ఇట్టే తెలిసింది. గవర్రాజు ఒక్కడికి తారుమారుగా జరిగింది. అతనిది ఎడమచేతి వాటం.

పలకల నుంచి వచ్చేదేదైనా ఒంటినంతా తాకుతుంది. ఒక చేతిని ఎంచుకోదు.

గురువారం పొద్దున్న వకుళ పరికరాన్ని గదిలోనే వదిలేసి మెట్ట ఎక్కింది. ఆ రోజు ఏదీ కొలవలేదు. చేతుల వైపే చూసింది. సింహాద్రి కుడిచేత్తో కొక్కెం కడ్డీ ఎత్తాడు, తోలు తొడుగు చేతికే ఉంది. కొక్కెం విడిపోయింది. తొడుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. వట్టి అరచేత్తో వ్యాగను గోడను చరిచాడు. "ఎరువుల గోదాం, ఎల్లు." ఎనభై టన్నుల బండి ఆ దెబ్బకు ఉతికి ఆరేసిన దుప్పటిలా ఊగింది. తొడుగు మళ్ళీ వేసుకున్నాడు. తర్వాతి వ్యాగను.

వకుళ తన పాత పనుల పట్టిక గుర్తు చేసుకుంది. రెండేళ్ళ కిందట షంటింగు మనిషి రోజంతా చేసే పనులన్నీ రాయమని కంపెనీ అడిగితే ఆమె వారం రోజులు ఇక్కడే కూర్చుని నలభై ఒక్క పనులు రాసింది. ఆ నలభై ఒక్కటినీ లాబులో చేయించి పరీక్షించింది. చరుపు అందులో లేదు. సింహాద్రి చెప్పలేదు, ఎందుకంటే అది పని కాదు. బండిని చరిచి పంపడం మనిషిని వెళ్ళిరా అని సాగనంపడం లాంటిది. చరిస్తే చేతికి తెలుస్తుంది కూడా, నిండు బండా, ఖాళీయా, లోపల సరుకు జరిగిందా అని. తండ్రి అలాగే చేసేవాడు, తాత అలాగే చేసేవాడు. బయటివాళ్ళెవరైనా అయితే, ఇదేమిటి, బండిని ఎందుకు కొడుతున్నారు అని మొదటి రోజే అడిగేవారు. వకుళ అడగలేదు. ఆమె పుట్టింది ఈ యార్డులో. చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని తనూ చరిచింది. కళ్ళెదుట రోజుకు మూడు వందల సార్లు జరిగేది ఆమెకు కనిపించలేదు.

పదిన్నరకు యంత్రం విశ్రాంతికి ఆపినప్పుడు ఆమె పలకల్లో కరెంటు అలాగే ఉంచి, ఒక బొగ్గు వ్యాగనును వాటి మీదే నిలిపించి, కుడి అరచేత్తో చరవడం మొదలుపెట్టింది. రెండు వందల దాకా లెక్కపెట్టింది. కళ్ళు ఇది కొండంత అంటున్నాయి, చెయ్యి ఇది గాలి అంటోంది. నూరు దాటాక ఆ తగవు ఆమెకు వినపడటం మానేసింది. ఇంటికి వెళ్ళి పైడమ్మ డబ్బాలు ఎత్తి చూసింది. రెండూ ఒకలాగే ఉన్నాయి. రెండింట్లోనూ ఏమీ లేనట్టే ఉంది. ఎడమచేత్తో ఎత్తితే ఒకటి రాయిలా దిగింది.

పైడమ్మ డబ్బాలు తీసి పక్కన పెట్టింది. బియ్యం చేట ఆమె ఒడిలో పెట్టి చెరగమంది. తర్వాత రోకలి ఇచ్చి పసుపు దంచమంది. తర్వాత నీళ్ళ బిందె. మధ్యాహ్నం రెండు గంటలకు బిందె అంచు వకుళ వేళ్ళను కిందికి లాగింది. బరువు తిరిగి వచ్చింది. ఆమె చెయ్యి అబద్ధం విన్నది ఒక్క పూట. అన్న చెయ్యి ఎనిమిది నెలలు విన్నది.

మూడు గంటలకు ఆమె మేనేజరు జగన్నాథ పట్నాయక్ గదిలో ఉంది. పట్నాయక్ చెడ్డవాడు కాదు. చుట్టులైనులో గుమాస్తాగా చేరి మేనేజరైన మనిషి. ఆమె చెప్పింది చివరిదాకా విని, పట్టిక చూసి, క్యాలెండరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, రేపు ఒక్కరోజు ఊరుకోమన్నాడు. సంతకాలయ్యాక సోమవారం నుంచి మనుషులకు వైద్యం, చరుపు మాన్పించడం, అన్నీ చేద్దామన్నాడు. ఈ మాట తనిఖీలో పొక్కితే పెద్ద రైల్వేవాళ్ళు ఆ కొత్త దారి కాగితాలు మళ్ళీ తీస్తారని, అవి ఎక్కడున్నాయో కూడా తనకు తెలుసని చెప్పాడు. రేపు పొద్దున్న చిట్టాలో సంతకం చెయ్యనని వకుళ అంది. చెయ్యకపోతే తనిఖీకి చూపడానికి ఏమీ ఉండదని అతనన్నాడు. వకుళ క్యాలెండరు కాగితం మడిచి తీసుకుని లేచింది.

సింహాద్రికి ఆ సంగతి ఆమె కంటే ముందే చేరింది. క్వార్టరు అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. చెల్లెలి మీద అతను గొంతు పెంచడం ఆమె ఎప్పుడూ వినలేదు, ఇప్పుడూ పెంచలేదు.

"పలకలు ఆపేత్తావేటి?"

"నీ చెయ్యి చూశావా అన్నియ్యా?"

"సూసినాను. నాన్న సెయ్యి కూడా సూసినాను. నాన్న సేతికి బరువు బాగానే తెలిసేది, అమ్మీ. ఆ సెయ్యి నాను బండి కిందనుంచి తీసినాను." ఆగాడు. "నాకు గ్లాసులు పగిల్తే పగలనీ. నా కింద ఎనిమిది మంది కుర్రోళ్ళున్నారు. పలకలు ఆపితే ఆళ్ళు మళ్ళీ ఆ గొలుసుల మద్దిలోకి ఎల్లాల."

  వకుళ అరుగు మీద అన్న పక్కన కూర్చుంది. లోపల పైడమ్మ చారుకు తిరగమోత పెడుతున్న వాసన వచ్చింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ యార్డు వైపు చూస్తూ ఉండిపోయారు. కింద ఒక వ్యాగను పలకలన్నీ దాటి, మామూలు పట్టాల మీద మెల్లగా, బరువుగా, పాతకాలపు పద్ధతిలో దొర్లిపోతోంది. మనిషి నడిచినంత వేగం కూడా లేదు.

"అన్నియ్యా, చరుపు మానెయ్యగలరా మీరు?" అంది.

సింహాద్రి ఆలోచించాడు. "మానేత్తామని సెప్తాం. సెయ్యి మానదు."

"మానొద్దు. అక్కడ చరవండి." ఆమె వేలు చూపించింది. "ఆఖరి పలక దాటిన పది అడుగులకి. అక్కడ బండి మళ్ళీ బండి అవుతుంది. ఇక్కడ చెయ్యి విన్న అబద్ధానికి అక్కడ నిజం వినిపించాలి. రోజుకు మూడు వందల సార్లు."

"అంతట్లో తిరిగొచ్చేత్తాదేటి?"

"తెలీదు" అంది వకుళ. "నాకు నాలుగు గంటలు పట్టింది. నీకు ఎన్ని నెలలు పడుతుందో తెలీదు. రాకపోవచ్చు కూడా."

లోపలినుంచి పైడమ్మ, కొక్కెం దగ్గరున్నోడి కుడిచేతిలో జెండా ఎట్టండి, కాళీగా ఉంటేగదా ఆ సెయ్యి బండి మీదికెల్లేది అంది. తిరగమోత దించాక మళ్ళీ గుర్తు చేసింది, గవర్రాజుకైతే ఎడమ చేతిలో అని.

శుక్రవారం ఉదయం వకుళ చిట్టాలో సంతకం చేసింది. సంతకం కింద ఒక వాక్యం రాసింది: పలకల మీద ఉన్న వ్యాగనును వట్టి చేత్తో తాకరాదు, తాకినవారికి జరిగిన నష్టం వివరాలు ఇందుతో జత చేయడమైనది. క్యాలెండరు కాగితాన్ని మడిచి ఆ పేజీకి గుచ్చింది. పట్నాయక్ చదివాడు. చింపితే చింపవచ్చు, పక్కన ఎవరూ లేరు. చిట్టా మూసి చంకలో పెట్టుకుని తనిఖీవాళ్ళకు ఎదురు వెళ్ళాడు.

తనిఖీకి వచ్చిన అధికారిణి పేరు త్రిపురసుందరి. నేత చీర కింద ఇనుప ముక్కు బూట్లు వేసుకుని, గొడుగు వద్దని, రెండు గంటలు ఎండలో యార్డంతా నడిచింది. కొక్కేల దగ్గర మనుషులు కుడిచేతిలో పచ్చజెండాలు పట్టుకుని నిలబడటం, వాలు చివర ఇంకో మనిషి నిలబడి వచ్చిన ప్రతి వ్యాగనునూ చరచడం చూసింది. అది ఏమిటని అడిగింది. ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆమే.

పట్నాయక్ నోరు తెరిచాడు. వకుళ కూడా తెరవబోయింది. ఇద్దరికంటే ముందు వాలు చివరనుంచి సింహాద్రి వచ్చాడు.

"నాను సెప్తానమ్మా. నా సేతికి బరువు తెల్డం నేదు. నాకే కాదు, తొమ్మిది మందిమి ఉన్నాం. తప్పు పలకలది కాదు, మాది. కాదు, తప్పని కాదు. మేం సెప్పనేదు, ఆళ్ళు అడగనేదు."

అధికారిణి నమ్మినట్టు కనిపించలేదు. పైడమ్మ డబ్బాలు తెప్పించారు. షెడ్డులో బల్ల మీద పెట్టారు. సింహాద్రి తన చుట్టూ ఉన్న ఇరవై మంది చూస్తుండగా కుడిచేత్తో ఒక డబ్బా ఎత్తాడు, దించాడు, రెండోది ఎత్తాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఊహించి ఒకటి ముందుకు తోశాడు. త్రిపురసుందరి మూత తీసింది. తవుడు.  గవర్రాజు ముందుకు వచ్చి ఎడమచేత్తో ఎత్తాడు. అతను సరైనదే తోశాడు గానీ, అది అదృష్టం, నాకు తెలిసి కాదు అని తనే చెప్పేశాడు. ఆ తర్వాత మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు బల్ల దగ్గరికి వచ్చారు. పిలవకుండానే వచ్చారు.

త్రిపురసుందరి షెడ్డులో కూర్చుని చాలాసేపు రాసుకుంది. క్యాలెండరు కాగితం రెండుసార్లు చదివింది. ఈ గడులు ఎవరు గీశారని అడిగి పైడమ్మను పిలిపించి, ఎడమ కుడి ఎందుకు రాయించారో విని, తన కింద పనిచేసేవాళ్ళకు కూడా ఇది నేర్పమని ఆమెనే పంపితే బాగుండునని పట్నాయక్‌తో అంది. నవ్వుతూ అనలేదు.

పదేళ్ళ ఒప్పందం రాలేదు. ఆరు నెలల అనుమతి వచ్చింది. షరతులు మూడు. పనుల పట్టికలో నలభై రెండోదిగా చరుపును చేర్చాలి, పలకలు దాటాకే చెయ్యాలి. ప్రతి వారం ప్రతి మనిషి చేతినీ పరీక్షించి రాసి పంపాలి. చెయ్యి దెబ్బతిన్న తొమ్మిది మందిలో ఒక్కరినీ ఆ కారణంగా పనిలోంచి తియ్యకూడదు. వెళ్ళేముందు ఆమె వకుళతో మాట్లాడింది. ఏ దోషమూ లేదని చెప్పే యార్డులు తాను చాలా చూసిందని, అక్కడ ఏమేం దాచారో తర్వాత మనుషుల ఒంటి మీద తెలిసిందని చెప్పి, ఆరు నెలల తర్వాత తనే వస్తానంది.

తర్వాతి వారాలు అంత తేలికగా గడవలేదు. మొదటి పది రోజులు జెండా ఉన్న చెయ్యి జెండాతో సహా వ్యాగను మీదికి పోయింది. ఇద్దరు మనుషులు అలవాటు చంపుకోలేక తమ తొడ మీద చరుచుకుని మిగతావాళ్ళ చేత మాటలు పడ్డారు. అయితే వాలు చివర ఎవరు నిలబడాలన్నదానికి పోటీ మొదలైంది. నిజమైన బండి మీద అరచెయ్యి పడినప్పుడు వచ్చే చప్పుడు వేరు. ఆ చప్పుడు ఎనిమిది నెలలుగా యార్డులో లేదని, లేదన్న సంగతి తాము గమనించలేదని వాళ్ళకు అప్పుడు తెలిసింది. కుర్రవాళ్ళలో ముగ్గురికి నెల తిరగకుండా చెయ్యి బాగుపడింది. ఆరో వారానికి గవర్రాజుకు సగం వచ్చింది, అంటే ఉప్పూ తవుడూ తెలుస్తాయి, ఉప్పూ బియ్యమూ తెలియవు. సింహాద్రి గడిలో మాత్రం వారం వారం అదే గుర్తు పడుతోంది. అతను ఆ గడి వైపు చూడడం మానేశాడు. అందరికంటే ముందు వచ్చి వాలు చివర నిలబడేవాడు, అందరికంటే ఆఖర్న వెళ్ళేవాడు. పైడమ్మ గిన్నెలు అతనికి అందకుండా పెట్టడం మానేసింది. చిందితే తుడిచేది.

జ్యేష్ఠమాసంలో ఒక ఆదివారం ముగ్గురూ సంతకు వెళ్ళారు. పైడమ్మ పనసకాయల దగ్గర చాలాసేపు నిలబడింది. ఒక్కొక్కదాన్నీ తట్టి, ముళ్ళు చూసి, తొడిమ చూసి, అమ్మే మనిషి విసుక్కునేదాకా వెతికి, చంటిపిల్లాడంత కాయను ఎంచింది. సింహాద్రి దాన్ని తొడిమ పట్టుకుని కుడిచేత్తో ఎత్తాడు. ముందు ఆడవాళ్ళిద్దరూ, వెనక అతనూ. గెడ్డ వంతెన దాటి, రైలు గేటు పడితే కాసేపు ఆగారు. సిమెంటు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి మిల్లు వైపు పోతున్నాయి. వకుళ ఏదో చెప్పబోయి వెనక్కి తిరిగింది.

సింహాద్రి కాయను కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంటున్నాడు. వట్టి కుడి అరచేతిని చొక్కాకు రుద్దుకుని, వేళ్ళు ముడిచి విప్పి, ఇంకా గేటు తియ్యలేదేమిటన్నట్టు అటు చూస్తున్నాడు.

"ఎందుకు మార్చావు?" అంది వకుళ.

"ఏటి?"

"చెయ్యి ఎందుకు మార్చావు అన్నియ్యా?"

"పీకేత్తంది మరి" అన్నాడతను చిరాగ్గా. "ఇంతేసి కాయెందుకే అంటే మీ వొదిన వినదు గదా. సెయ్యి పీకేత్త..."

అక్కడ ఆగిపోయాడు.

పైడమ్మ వెనక్కి వచ్చింది. అతని ఎడమచేతిలోంచి పనసకాయ తీసుకుని మళ్ళీ కుడిచేతిలో పెట్టింది. సింహాద్రి భుజం ఒక అంగుళం కిందికి దిగింది. గేటు లేచింది. వెనక ఆటోవాడు హారను కొడుతున్నాడు. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.